పుల్లమ్మ తూకం

నాలుగు రోడ్ల కూడలిలో, మందుల షాపు మెట్ల పక్కన, ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే నిండిపోయే చోటు ఆయన కొట్టు. ముప్పై ఏళ్ళుగా అక్కడే కూర్చుని తాళాలు బాగుచేస్తున్నాడు, మారు తాళంచెవులు చేసి ఇస్తున్నాడు. అసలు పేరేమిటో పేటలో సగం మందికి తెలియదు. అందరికీ తాళాలాయనే. పనిలో తన చెవి మీద ఆయనకు గట్టి నమ్మకం. తాళంచెవి తిరిగేటప్పుడు వచ్చే చప్పుడును బట్టి లోపల ఏది అరిగిందో, ఏది వంగిందో విప్పకుండానే చెప్పేస్తాడు.

భార్య పోయి పదేళ్ళయింది. పిల్లలు లేరు. ఇంట్లో ఆయనా, ఆయన అక్కా ఇద్దరే. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకన వేసుకుని పెంచిన మనిషి కాబట్టి, ఆయనకు యాభై ఆరేళ్ళు వచ్చినా ఆవిడకు ఇంకా "ఒరేయ్" అనే పిలుపే. మాట దాచుకోవడం ఆవిడకు చేతకాదు.

వేసవి మొదట్లో ఆవిడ కంటికి ఆపరేషను అయింది. ఆ రోజు పొద్దున్నే ఆవిడను ఆస్పత్రిలో దిగబెట్టాడు. పన్నెండింటికి వచ్చి తీసుకుపొమ్మన్నారు. ఈలోగా ఊరికే కూర్చోవడమెందుకని కొట్టు తెరిచాడు. పదిన్నరకు ఒక ఇంటి యజమాని హడావిడిగా వచ్చాడు. అద్దెకున్నవాళ్ళు చెప్పాపెట్టకుండా ఖాళీ చేసిపోయారట. తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉండిపోయిందట. మళ్ళీ వచ్చి తిష్ట వేయకముందే తాళం మార్చేయాలట.

ఇల్లు రెండు వీధుల అవతల. ముందు గదిలో కాలు విరిగిన కుర్చీ, చుట్టిన చాప, నేలంతా చెత్తకాగితాలు. యజమాని గుమ్మంలోంచే ఒక చూపు చూసి మొహం చిట్లించాడు. తాళాలాయన పాత తాళం విప్పి కొత్తది బిగిస్తుంటే, లోపలెక్కడో, వెనక గది వైపు, చెక్క మీద గోకిన చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్ళీ గోకింది.

"లోపల ఏదో ఉన్నట్టుందండీ," అన్నాడు.

"ఎలుకలయ్యా. ఈ వీధి నిండా అవే. కానివ్వు, నాకు అవతల పనుంది."

ఎలుక గోకితే ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. ఇది బరువున్న చప్పుడు. నాలుగడుగులు లోపలికి వేసి చూసి ఉంటే అక్కడితో అయిపోయేది. కానీ గడియారంలో పదకొండున్నర. ఆస్పత్రి గేటు దగ్గర కంటికి కట్టుతో అక్క ఒక్కతే నిలబడి ఉన్నట్టు కళ్ళ ముందు కదిలింది. ఆఖరి మర బిగించి, తాళం రెండుసార్లు తిప్పి చూసి, తాళంచెవులు యజమాని చేతిలో పెట్టి గబగబా వెళ్ళిపోయాడు. సాయంత్రం ఒకసారి ఆ చప్పుడు గుర్తొచ్చింది. మర్నాటికి మరిచిపోయాడు.

పంతొమ్మిది రోజుల తరువాత అదే యజమాని మళ్ళీ వచ్చాడు. కొత్తవాళ్ళకు ఇల్లు చూపిద్దామని వెళితే తాళం మొరాయించిందట. "మొన్న వేసిన తాళం, అప్పుడే ఏం రోగమయ్యా దానికి?" అన్నాడు. రోగం తాళానికి కాదు. తాళంచెవిని తలకిందులుగా దూర్చి బలవంతంగా తిప్పారు. తాళాలాయన దాన్ని మెల్లగా వెనక్కి లాగి, సరిగా పెట్టి తిప్పాడు. తలుపు తెరుచుకోగానే లోపలి నుంచి వాసన వచ్చి మొహానికి కొట్టింది. యజమాని జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గేటు దాకా వెనక్కి పోయాడు.

తాళాలాయన లోపలికి నడిచాడు. వెనక గది తలుపుకు బయటివైపు గడియ పెట్టి ఉంది. దానికి తాళం కూడా లేదు. వేలితో లాగితే వచ్చేసింది.

ఆ గదిలోనే ఉన్న స్నానాల గది గుమ్మం మీద మట్టిరంగు ఆడకుక్క ఒకటి పడి ఉంది. చచ్చిందనుకున్నాడు. దగ్గరికి వెళితే తోక చివర ఒక్కసారి నేల మీద కదిలింది. పక్కటెముకలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. తుంటి ఎముకలు చర్మాన్ని చీల్చుకుని వచ్చేలా ఉన్నాయి. లోపల కొళాయి ఎవరో సరిగా కట్టేయలేదు. బొట్టు బొట్టుగా కారిన నీళ్ళు గచ్చులో చిన్న గుంటలో నిలిచాయి. దాన్ని ఇన్నాళ్ళు బతికించింది ఆ నీళ్ళే. ఒక చెప్పు సగం, గోడ క్యాలెండరు మొత్తం, పాత దుప్పటి అంచులు నమిలేసి ఉన్నాయి. తలుపు లోపలివైపు, కింద మూరెడు ఎత్తున, చెక్క తెల్లగా లేచిపోయి ఉంది. చీలికల్లో నెత్తురు ఎండిపోయి ఉంది.

ముప్పై ఏళ్ళలో ఆయన ఎన్నో తలుపులు చూశాడు. ఇలాంటిది చూడలేదు.

"చచ్చిందా?" గేటు దగ్గర్నుంచి కేకేశాడు యజమాని.

"లేదండీ."

"వాళ్ళు పెంచుకున్నదే. చూశావా, నా నెత్తిన ఎలా పడేసి పోయారో! మునిసిపాలిటీ వాళ్ళకి చెబితే వచ్చి పట్టుకుపోతారులే."

తాళాలాయన వంగాడు. పనిముట్ల సంచిలోని పాత గుడ్డ పరిచి, కుక్కను దాని మీదికి జరిపి, రెండు చేతులతో ఎత్తాడు. ఆ ఎత్తు కుక్కకు ఉండాల్సిన బరువు కోసం నడుం బిగించుకున్న మనిషి, ఖాళీ బుట్ట ఎత్తినట్టు ఒక్కసారిగా పైకి లేచిపోయాడు. భయం వేసింది ఆయనకు.

పశువుల డాక్టరమ్మ నలభై లోపు మనిషి. తక్కువ మాట్లాడుతుంది. బల్ల మీది తూకంలో అంకె చూసి, "తొమ్మిది కిలోల నాలుగు వందలు," అంది. "ఇది పదహారు, పదిహేడు ఉండాలి." చిగుళ్ళు చూసింది, గుండె విన్నది, రక్తం తీసి చిన్న సీసాలో పోసింది. పరీక్ష బయట చేయించాలి, రిపోర్టుకు మూడు రోజులు పడుతుందని చెప్పింది. అప్పుడు అడిగింది.

"ఇది తిని ఎన్నాళ్ళయింది?"

పంతొమ్మిది. ఆ అంకె ఆయన నోటిదాకా వచ్చింది. అంత కచ్చితంగా మీకెలా తెలుసంటుంది. తాళం వేసింది నేనేననాలి. అప్పుడు చప్పుడేం వినబడలేదా అని అడుగుతుంది.

"తెలీదమ్మా. నాలుగైదు రోజులై ఉంటుంది. అద్దెకున్నవాళ్ళు అప్పుడే వెళ్ళిపోయారట."

"అంతకుముందు ఏదో ఒకటి పెడుతుండేవాళ్ళా?"

"పెట్టే ఉంటారు."

ఆవిడ తల ఊపింది. చాలాకాలంగా అరకొర తిండి మీద బతికినట్టుందని, నెమ్మదిగా పెంచుకుంటూ వెళదామని చెప్పి, మెత్తటి ఆహారం ఉన్న డబ్బాలు ఇచ్చింది. మొదటి రోజు సగం మోతాదు, రెండో రోజు ఇంకాస్త, నాలుగో రోజుకు పూర్తిగా. కాగితం మీద రాసి కూడా ఇచ్చింది.

ఇంటికి తీసుకెళితే అక్క నల్లకళ్ళద్దాలు పైకి జరిపి, వంగి చూసింది. "ఏంట్రా ఇది? కుక్కా, గొడుగు ఊచలా?" అంటూనే గబగబా లోపలికెళ్ళి, పాత చీరలు రెండు తెచ్చి నాలుగు మడతలు వేసి పరిచింది. "అన్నీ పుల్లలే. పుల్లమ్మా, ఇలా పడుకో తల్లీ."

అలా దానికి పేరు పడింది.

రెండు రోజులు అంతా బాగున్నట్టే ఉంది. పుల్లమ్మ గిన్నెలో పెట్టింది పెట్టినట్టు మింగేసి, గిన్నెను నేలంతా ఈడ్చుకుంటూ నాకి, తలెత్తి చూసేది. లేచి నాలుగడుగులు కూడా వేసింది. అక్క సంతోషం పట్టలేక వచ్చినవాళ్ళందరికీ చూపించింది. తాళాలాయనకు గుండెల మీది బరువు కొంచెం దిగినట్టయింది. ఎన్ని రోజులైతేనేం, బతికింది కదా అనుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం కొట్టులో ఉండగా అక్క ఫోను చేసింది. "ఒరేయ్, పుల్లమ్మ లేవట్లేదు. వణుకుతోంది. త్వరగా రా."

వెళ్ళేసరికి అది పక్కకు ఒరిగిపోయి ఉంది. కాళ్ళు కర్రల్లా చాపేసింది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. చీరల మీద పోసుకున్న మూత్రం డికాషను రంగులో ఉంది. ఇద్దరూ దాన్ని ఆటోలో వేసుకుని పరిగెత్తారు.

డాక్టరమ్మ బల్ల మీద పడుకోబెట్టి, కనురెప్ప కిందికి లాగి చూసి, మూత్రం రంగు అడిగి, నుదురు చిట్లించింది.

"అయిదు రోజులు పస్తున్న కుక్కకి ఈ మోతాదుతో ఇలా అవకూడదండీ," అంది. "పిడుదులు కుట్టి వచ్చే జ్వరం అయ్యుండొచ్చు. అందులోనూ మూత్రం ఇలాగే వస్తుంది. రిపోర్టు రేపటికి గానీ రాదు. అప్పటిదాకా ఆగలేం. దానికి సూది మొదలుపెడతాను."

అలమరా తెరిచి చిన్న సీసా తీసింది. సూది విప్పింది. సీసా మూతలోకి దించబోతోంది.

తాళాలాయన ఆ సూది వైపు చూశాడు. తను నోరు మూసుకుంటే ఆవిడ లేని జబ్బుకు మందు వేస్తుంది. ఉన్న జబ్బు అలాగే ఉంటుంది. ఆ గోకుడు విని ఊరుకోవడం ఒకటైతే, ఇప్పుడు చూస్తూ ఊరుకోవడం రెండోది.

"పంతొమ్మిది రోజులమ్మా," అన్నాడు.

ఆవిడ చెయ్యి ఆగింది. "ఏంటి?"

"అయిదు కాదు. పంతొమ్మిది. పైన గంటలు కూడా చెప్పగలను. ఆ తాళం వేసింది నేనే. మా అక్క కంటి ఆపరేషను రోజు. వెనక గదిలో గోకుతుంటే విన్నాను. విని కూడా తాళం వేసి వచ్చేశాను."

గోడ పక్క బెంచీ మీద కూర్చున్న అక్క నెమ్మదిగా కళ్ళద్దాలు తీసి తమ్ముడి వైపు చూసింది.

డాక్టరమ్మ సీసా పక్కన పెట్టేసింది. కేకలేయలేదు. ఇంకో అలమరా తెరిచి, వేరే మందులు తీసి, సెలైనులో కలుపుతూ, ముందరి కాలి మీద బొచ్చు గొరుగుతూ, తల ఎత్తకుండానే చెప్పింది. "అన్నాళ్ళు పస్తున్న ఒంట్లోకి తిండి ఒక్కసారిగా వెళితే, రక్తంలో మిగిలిన కాసిని లవణాల్నీ ఆ తిండి కోసం ఒళ్ళు లాగేసుకుంటుంది. గుండెకి, కండలకి ఏమీ మిగలవు. అప్పుడు తిండే చంపుతుంది. ఆ అంకె మొదటి రోజే చెప్పి ఉంటే, నేనిచ్చినదాంట్లో సగంతో మొదలుపెట్టేదాన్ని."

"బతుకుతుందా అమ్మా?"

"రేపు ఇదే టైముకి అడగండి."

ఇంటికి నడిచే వెళ్ళారు. సగం దూరం దాకా అక్క నోరు విప్పలేదు. నోరు మూసుకుని ఉన్న అక్కను ఆయన ఎరగడు. ఉండబట్టలేక తనే మొదలుపెట్టాడు.

"నిన్ను తీసుకురావాలన్న తొందర్లో, అక్కా..."

"నా కన్ను మీదికి తొయ్యకు," అందావిడ. "కట్టు నా కంటికి కట్టారు. నీ చెవులకి కట్టలేదుగా."

ఆయన తల దించుకున్నాడు.

"గేటు దగ్గర ఇంకో అరగంట నిలబడేదాన్నిరా. అరిగిపోయేదాన్నా, కరిగిపోయేదాన్నా? అదంటే తొందరనుకుందాం. డాక్టరమ్మ అడిగినప్పుడేమైంది? అప్పుడేం తొందర?"

ఆ సాయంత్రం ఆవిడ అన్నం వడ్డించి పెట్టింది గానీ ఎదురుగా కూర్చోలేదు. ఆయన తిన్నాడు. ఆకలి వేసింది కాబట్టి తిన్నాడు. కంచం ఖాళీ అయ్యాక, ఆకలి వేసినందుకే ఆయనకు సిగ్గనిపించింది.

మర్నాడు అదే టైముకు వెళితే పుల్లమ్మ బతికే ఉంది. ఆ తర్వాతి రోజూ ఉంది. రిపోర్టు వచ్చింది. జ్వరం లేదు, లవణాలే అడుగంటిపోయాయి. అయిదు రోజులు అది ఆస్పత్రిలోనే ఉంది. మధ్యాహ్నాలు కొట్టు మూసేసి ఆయన ఆ బోను పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. చేయగలిగిన పనంటూ ఏమీ లేదు. సెలైను చుక్కలు చూడటం, అయిపోవస్తే పిలవడం, అంతే. బోను తలుపు మూసినప్పుడల్లా దాని ఒళ్ళంతా జలదరించేది. అది గమనించి డాక్టరమ్మను అడిగి, తను అక్కడున్నంతసేపూ తలుపు తెరిచే ఉంచి, తన కాలు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు.

నాలుగో రోజు డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది.

"నేనూ మీ మాట విన్నాను గానీ దీని ఒళ్ళు చెప్పేది వినలేదు," అంది. "అయిదు రోజులకి వెన్ను అలా తేలదు. నాకు తట్టాల్సింది."

"తప్పు నాదేనమ్మా."

"మీదే. కొంచెం నాది కూడా. ఇప్పుడు పంచుకుని ఏం చేస్తాం? ముందు దీన్ని నిలబెడదాం."

పంపించేటప్పుడు తూకం తొమ్మిది కిలోల వంద. వచ్చినప్పటికంటే తక్కువ. రోజుకు ఆరుసార్లు తిండి, ఒక్కోసారికి పెద్ద చెంచాతో రెండంటే రెండు. రెండు రోజులకోసారి సగం చెంచా పెంచాలి. మొత్తం అయ్యాక అది ఇంకా కావాలని చూస్తుంది, అక్కడే జాగ్రత్తగా ఉండాలని చెప్పింది. "దాని కళ్ళ మాట వినకండి. తూకం మాట వినండి."

ఆ చూపును తట్టుకోవడం ఎంత కష్టమో ఇంటికొచ్చాక తెలిసింది. రెండు చెంచాలు రెండు గుక్కల్లో అయిపోయేవి. తర్వాత పుల్లమ్మ గిన్నెను చూసేది, చెంచాను చూసేది, ఆయన మొహం చూసేది. మొరిగేది కాదు, మూలిగేది కాదు. అడగడం కూడా మానేసిన దానిలా ఊరికే చూసేది. ఒక్కోసారి ముద్దను నోట కరుచుకుని మంచం కిందికి తీసుకెళ్ళి, మూల దాచి, దానికి కాపలా పడుకునేది. ఊడుస్తుంటే అవి బయటపడేవి. అక్క చీపురు అక్కడే వదిలేసి కొంగుతో కళ్ళు ఒత్తుకునేది. ఆపరేషను కన్ను, తడవకూడదని ఆయన తిట్టేవాడు.

"ఒక్క చెంచా ఎక్కువైతే ఏమవుతుందిరా?"

"అక్కా, వద్దు."

ఒక రోజు ఆయనే, చెయ్యి ఆగక, మూడో చెంచా డబ్బాలోంచి తీశాడు. తీసి, మళ్ళీ డబ్బాలో వేసేసి, లేచివెళ్ళి ఆ డబ్బాలున్న అలమరాకు తాళం బిగించాడు. దొంగల భయంతో కాదు, తన మీద తనకు నమ్మకం చాలక. తాళంచెవి అక్క చేతిలో పెట్టాడు. మర్నాడు పొద్దున్నే ఆవిడ తెచ్చి తిరిగి ఇచ్చేసింది. "నా దగ్గరుంటే దాని మొహం చూసి తీసేస్తాను. నీ దగ్గరే పెట్టుకో." చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. తాళంచెవి ఆవిడ దగ్గర, చెంచా ఆయన దగ్గర. ఇద్దరూ ఉంటేనే తిండి. ఆ వంకతో అక్క మళ్ళీ ఆయనతో మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం పూట తిండ్లు తప్పకూడదని ఆయన పుల్లమ్మను కొట్టుకు తీసుకెళ్ళేవాడు, అక్క తిండి వేళకు డబ్బా పట్టుకుని నడిచి వచ్చేది. అక్కడ ఒక చిక్కు వచ్చింది. తాళం టక్కుమన్నప్పుడల్లా అది గోడకు అతుక్కుపోయి వణికేది. ఆయన పనంతా ఆ చప్పుడే. ముప్పై ఏళ్ళు చప్పుడు విని పనిచేసిన మనిషి, తాళాన్ని గుడ్డలో చుట్టి, వేళ్ళకు తెలిసే అదురును బట్టి పనిచేయడం నేర్చుకున్నాడు. పని నెమ్మదించింది. వచ్చినవాళ్ళు కొందరు విసుక్కుని ఇంకో చోటికి పోయారు. పోనీ అనుకున్నాడు.

మందుల షాపు ముందు మనుషులు ఎక్కే తూకం యంత్రం ఉంది. ప్రతి సోమవారం పుల్లమ్మను ఎత్తుకుని దాని మీద నిలబడేవాడు. తర్వాత ఒక్కడే ఎక్కేవాడు. రెండింటి తేడా కొట్టు తలుపు లోపలివైపు సుద్దముక్కతో రాసేవాడు. తొమ్మిది మూడు వందలు. తొమ్మిది ఏడు వందలు. పది. ఒక సోమవారం మందుల షాపు ముసలాయన కౌంటరు వెనక నుంచి, "కుక్క పెరుగుతోంది గానీ నువ్వు తగ్గుతున్నావయ్యా," అన్నాడు. నిజమే. ఆయన రెండు కిలోలు తగ్గాడు. అక్కకు చెప్పలేదు. చెబితే ఆవిడ అందుకు వేరే చెంచా తీస్తుంది.

పది దగ్గర అంకె ఆగిపోయింది. రెండు సోమవారాలు అదే అంకె. పెట్టింది పెట్టినట్టు తింటున్నా ఒంటికి పట్టడం లేదు. ఈసారి ఆయన క్షణం ఆలస్యం చేయలేదు, ఏదీ దాచలేదు. ఏ పూట ఎంత తిన్నది, ఎన్నిసార్లు దొడ్డికి వెళ్ళింది, అందులో ఏం కనిపించింది, మంచం కింద ఎన్ని ముద్దలు దొరికాయి, అన్నీ అడగకముందే చెప్పేశాడు. డాక్టరమ్మ వింటూ వింటూ మొదటిసారి కొంచెం నవ్వింది. కడుపులో నులిపురుగులున్నాయి. ఒళ్ళు కొంచెం కోలుకునేదాకా ఆ మందు వేయకూడదని తనే ఆపిందట. ఇప్పుడు వేసింది. ఆ తరువాతి సోమవారం పది ఆరు వందలు. ఆపైన పదకొండున్నర. రెండు నెలలు గడిచేసరికి పన్నెండు దాటింది. తుంటి ఎముకల మీద కొంచెం కండ పట్టింది. బొచ్చు ఊడిన చోట కొత్తది మెత్తగా, ఇంకాస్త ముదురు రంగులో వచ్చింది.

అప్పుడొక రోజు ఆ ఇంటి యజమాని కొట్టుకు వచ్చాడు. ఇంకో ఇల్లు ఖాళీ అయింది, తాళం మార్చాలి. కొట్టు మెట్టు మీద ఎండలో పడుకున్న కుక్కను దాటుకుని వచ్చి, "ఇదెవరిది?" అన్నాడు.

"మీ ఇంట్లో దొరికిందేనండీ."

యజమాని నమ్మనట్టు మళ్ళీ చూశాడు. "అదా! అది చచ్చే ఉంటుందనుకున్నాను."

"ఆ రోజు మీరు ఎలుకలన్నారు."

"నాకేం తెలుసయ్యా అందులో కుక్కుందని? నేను లోపలికే వెళ్ళలేదు."

"మీకు తెలీదండీ. నాకు తెలుసు. ఎలుక కాదని ఆ రోజే తెలుసు."

ఈ మనిషి తనను తప్పు పడుతున్నాడో, తనను తాను తిట్టుకుంటున్నాడో యజమానికి తేలలేదు. జేబులోని తాళంచెవులు ఊరికే కదిపాడు. ఆ చప్పుడుకు పుల్లమ్మ చెవులు వెనక్కి వాల్చింది. తాళాలాయన ఒక చెయ్యి దాని మెడ మీద వేశాడు.

"వస్తానండీ," అన్నాడు. "కాకపోతే ముందు ఇల్లంతా తిరిగి చూస్తాను. ప్రతి గదీ. అటకలు కూడా. ఆ తర్వాతే తాళం."

"చూసుకో. ఎవరొద్దన్నారు?" అని గొణిగాడు యజమాని. పోతూ పోతూ కుక్క వైపు చెయ్యి చాపబోయి, ఎందుకో ఆగి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ సాయంత్రం తాళాలాయన ఈ సంగతి అక్కకు చెప్పాడు. మంచిపని చేశావంటుందని ఎక్కడో ఒక ఆశ. ఆవిడ అలమరా తాళం తీస్తూ, "ఇప్పుడు ఎన్ని ఇళ్ళు వెతికినా దాని పంతొమ్మిది రోజులు దానికి తిరిగి రావురా," అంది. డబ్బా ఆయన చేతికిస్తూ, "అయినా వెతుకు," అంది.

నాలుగు నెలలకు పుల్లమ్మ తూకం పదిహేను తొమ్మిది వందలు. ఎత్తుకుని తూకం ఎక్కడం ఆయన నడుం వల్ల కావడం లేదు. ఆస్పత్రి బల్ల మీద డాక్టరమ్మ దాని డొక్కల మీద అరచెయ్యి ఆనించి, ఆయన చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టింది. పక్కటెముకలు చేతికి తెలుస్తున్నాయి, కంటికి కనిపించడం లేదు. "ఇలా ఉండాలి," అంది. "ఇంకొక్క కిలో. ఆ తర్వాత పెంచొద్దు. ఇక ఆరుసార్లు అక్కర్లేదు, రెండుసార్లు చాలు. గిన్నె నిండా పెట్టండి."

రెండు పూటలకు మార్చిన మూడో రోజు పొద్దున, గిన్నె నిండా పెట్టి, ఎప్పటిలాగే పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. పుల్లమ్మ తినడం మొదలుపెట్టింది. సగం తిన్నది. తల ఎత్తింది. గిన్నెలో ఇంకా సగం ఉండగానే వెనక్కి తిరిగి, గుమ్మం దాకా నడిచి, అక్కడ ఎండ పడే చోట పడుకుంది.

ఆయన పీట మీంచి లేచాడు. గిన్నె తీసి వాసన చూశాడు. దాని ముక్కు తడిగా ఉందో లేదో చూశాడు. చిగుళ్ళు చూశాడు. మంచం కింద చూశాడు, అక్కడ ఏమీ దాచలేదు. ఫోను తీశాడు.

"డాక్టరమ్మా, మన పుల్లమ్మ తినడం మానేసింది. గిన్నెలో సగం అలాగే వదిలేసింది."

"వాంతి చేసుకుందా?"

"లేదు."

"వణుకుతోందా? ఊపిరి ఎలా ఉంది?"

"మామూలుగానే ఉంది. గుమ్మంలో పడుకుంది. కాళ్ళు చాపుకుని... నిద్రపోయినట్టుంది."

"కడుపు నిండిందండీ," అంది డాక్టరమ్మ. "అంతే. మిగిలింది తర్వాత తినొచ్చని అనుకుంది. ఆ నమ్మకం రావడానికి దానికి ఇన్నాళ్ళు పట్టింది."

ఆయన ఫోను పెట్టేశాడు. అక్క వంటింట్లోంచి వచ్చి గిన్నె చూసింది, గుమ్మం వైపు చూసింది, తమ్ముడి మొహం చూసింది.

"తీసెయ్యనా?"

"ఉంచక్కా. లేచాక తింటుంది."

గిన్నె మీద పళ్ళెం మూత పెట్టి, పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు. గుమ్మంలో పడుకున్నదాన్ని లేపకుండా దాటడం కుదరక, పెరటి తలుపులోంచి కొట్టుకు బయల్దేరాడు.